స్నానం చేసొచ్చాక కళ్లు తిరుగుతున్నాయా? ముందు గ్యాస్ గీజర్ ఆపండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం కూకట్‌పల్లిలో గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్‌లో అద్దెకుంటున్నాం. వానలు మొదలైనప్పటి నుంచి గోడలు చెమ్మపట్టి, బెడ్‌రూంలో నల్లగా బూజు వస్తోంది. మా ఆరేళ్ల బాబుకు రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు. మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు వేస్తే తగ్గుతోంది, ఆపితే మళ్లీ మొదలు. నా భార్యకు ఆరో నెల. బాత్రూంలో ఓనర్ పెట్టించిన గ్యాస్ గీజర్ ఉంది. స్నానం చేసొచ్చాక ఆమెకు తలనొప్పి, కళ్లు తిరగడం ఉంటున్నాయి. రక్తం తక్కువేమోనని ఐరన్ మాత్రలు వాడుతున్నాం. అద్దె ఇళ్లకు ఆరోగ్యపరంగా కనీస ప్రమాణాలేమైనా ఉన్నాయా? బూజు పోవాలంటే ఏ పెయింట్ వేయాలి? ఓనర్ రిపేర్లు చేయించనంటున్నాడు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పెయింట్ సంగతి తర్వాత. ఇది చదవగానే ఆ గీజర్ ఆపేయండి, మళ్లీ వెలిగించొద్దు.

తలుపు గడియ పెట్టిన చిన్న బాత్రూంలో గ్యాస్ మండుతుంటే కాసేపటికే గాలిలో ఆక్సిజన్ తగ్గుతుంది. మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు, వాసన ఉండవు. గ్యాస్ లీకైతే వాసన వస్తుంది కదా అనుకోకండి, ఆ వాసన సిలిండర్ గ్యాస్‌లో కలిపేది. ఈ విషవాయువు హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. కడుపులోని బిడ్డ రక్తంలో తల్లి కంటే ఎక్కువగా చేరి, ఆలస్యంగా వదులుతుంది. తల్లి తేరుకున్నా బిడ్డ తేరుకుందని చెప్పలేం. నా కంగారు అందుకే.

చూడకుండా, పరీక్షించకుండా ఇదే కారణమని నేను చెప్పలేను. ఆరో నెలలో తలనొప్పికి బీపీ పెరగడం, కళ్లు తిరగడానికి రక్తహీనత కారణం కావచ్చు. అందుకే ఈ రోజే గైనకాలజిస్టుకు చూపించండి. బీపీ, రక్తం, మూత్రం, బిడ్డ గుండెచప్పుడు చూస్తారు. గీజర్ విషయం మీరే చెప్పాలి, చెప్పకపోతే అటువైపు ఆలోచన వెళ్లకపోవచ్చు. స్నానం చేయని రోజు, పుట్టింటికెళ్లిన రోజు ఆమె బాగానే ఉంటోందా? మీకూ ఎప్పుడైనా బాత్రూంలో తల పట్టేసిందా? ఇవీ చెప్పండి. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో 98 ఉందని ధైర్యపడొద్దు. అది ఆక్సిజన్‌కూ ఈ విషవాయువుకూ తేడా గుర్తించలేదు. కార్బాక్సీ హిమోగ్లోబిన్ అనే రక్తపరీక్షే చేయాలి. మామూలు గాలిలో నాలుగైదు గంటలకే రక్తంలో అది సగానికి పడిపోతుంది కాబట్టి, మర్నాడు చేసిన పరీక్ష నార్మల్ వచ్చినా గీజర్ మంచిదేనని కాదు. ఎవరైనా లోపల స్పృహ తప్పితే తలుపు తెరిచి, బయటి గాలికి తెచ్చి, గ్యాస్ కట్టేసి 108కి ఫోన్ చేయండి.

ఇక బాబు. వేస్తే తగ్గి, ఆపితే తిరగబెడుతోందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమోనని నా అనుమానం. మా ఓపీకి ఇలాంటి పిల్లలు తరచూ వస్తారు. చీటీ ఉండదు, మాత్ర పేరు తెలియదు, పొట్లంలో కట్టిచ్చిన తెల్ల మాత్ర, పసుపు మాత్ర అంటారు. కొందరు నెలల తరబడి వేసి ఉంటారు. పిల్లాడి ముఖం ఉబ్బుతుంది, ఎదుగుదల తగ్గుతుంది. అదే పిల్లాడికి ఇన్‌హేలర్ రాస్తే మాత్రం ‘అలవాటైపోతుందేమో సార్’ అంటారు! ఇన్‌హేలర్‌లో మందు మోతాదు చాలా తక్కువ, నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. పేరు తెలియని మాత్ర మింగించడానికి లేని భయం దీనికెందుకో చెప్పండి. ఇన్నాళ్లు ఆలస్యం చేయడం బాగాలేదు. మిగిలిన మాత్రలు పట్టుకుని పిల్లల డాక్టర్ దగ్గరికో పల్మనాలజిస్టు దగ్గరికో వెళ్లండి. చాలా రోజులుగా వేస్తున్నట్లయితే వాళ్లను అడగకుండా హఠాత్తుగా ఆపొద్దు. డొక్కలు ఎగరేస్తున్నా, మాట పూర్తి చేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా అది ఎమర్జెన్సీ.

బూజు మీద ఏ పెయింట్ వేసినా లాభం లేదు. నీరు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి: గోడలో పైపు లీకేజీయా, పునాది నుంచి పైకెక్కుతున్న చెమ్మా అన్నది ప్లంబరో మేస్త్రీనో చెప్పాలి. అప్పటిదాకా బాబు మంచం ఆ గోడకు దూరంగా జరపండి, లోపల బట్టలు ఆరేయొద్దు. మాస్కు కట్టుకుని సబ్బునీళ్లతో మీరే తుడవండి, ఆమె వద్దు. బ్లీచింగ్‌లో బాత్రూం యాసిడ్ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, ఆ పని చేయకండి.

ప్రమాణాల గురించి అడిగారు. 2016 జాతీయ భవన నిర్మాణ కోడ్‌లో నివాస గదుల కనీస విస్తీర్ణం, గాలి వచ్చే మార్గాల లెక్కలున్నాయి. ఇంట్లో ఉండేది ఒకే గది అయితే 9.5 చదరపు మీటర్లకు తగ్గకూడదంటుంది. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం నిర్మాణ మరమ్మతుల బాధ్యత ఓనర్‌దే అంటుంది, కానీ రాష్ట్రాలు స్వీకరిస్తేనే అమలు. మీ విషయంలో ఏది వర్తిస్తుందో లాయర్ చెప్పాలి. ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 2020లో బూజు పట్టిన ఇంట్లో రెండేళ్ల బాబు శ్వాస దెబ్బతిని చనిపోయాక, సామాజిక గృహాల్లో (స్థానిక సంస్థలు, గృహ సంఘాలు తక్కువ అద్దెకిచ్చే ఇళ్లు) గడువులోగా చెమ్మ, బూజు సరిచేయాలని చట్టం చేశారు. మీ ఓనర్‌కు నోటిమాటగా కాకుండా ఫొటోలు, బాబు చీటీ కాపీ పెట్టి రాతపూర్వకంగా ఇవ్వండి. గీజర్‌ను బాత్రూం బయట, గాలి ఆడే చోట బిగించి పైపుతో నీళ్లు లోపలికి తెప్పించమని అందులోనే రాయండి.

అంతవరకు వంటింట్లో కిటికీ తెరిచి స్టవ్ మీద నీళ్లు కాచుకోండి. చెమ్మ గోడల ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉందో లేదో తెలియకుండా వాటర్ హీటర్ రాడ్ పెట్టకండి. ఆ వేడినీళ్ల బకెట్ ఆమెతో మోయించొద్దు, మీరే తీసుకెళ్లి పెట్టండి.