పాఠకుల ప్రశ్నలు: అపరిచితులకు చెప్పే జవాబులు

ఒంటరిగా, చాలాకాలం పాటు ఊళ్లు తిరగడం గురించి ఈసారి మూడు ఉత్తరాలు వచ్చాయి. మూడూ బెంగళూరు నుంచే.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మాది హిందూపురం. మారతహళ్లిలో ఉంటూ 12 ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తున్నాను. ఉద్యోగం మానేసి ఏడాది పాటు ఒక్కదాన్నే ఈశాన్య రాష్ట్రాల్లో, ఆ తర్వాత హిమాచల్‌లో తిరగాలని ఉంది. నేనెవరో, నాకేం కావాలో తెలుసుకోవాలన్నది నా కోరిక. అమ్మ "పెళ్లి చేసుకుని ఇద్దరూ కలిసి తిరగండి" అంటోంది. నాన్నగారు మాట్లాడటమే మానేశారు. ఒంటరిగా తిరిగితే నిజంగా ఏమైనా తెలుస్తుందా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: తెలుస్తుంది. అయితే కొండ అంచున కూర్చుని సూర్యోదయం చూస్తున్నప్పుడు తెలుస్తుందని ఆశ పెట్టుకోకండి. అటువంటి వేళల్లో మనసు దృశ్యంలో మునిగి ఉంటుంది, తన వంక చూసుకునే తీరిక దానికి ఉండదు. నేను ఉద్యోగం విడిచి నెలల తరబడి ఒంటరిగా తిరిగిన కాలంలో నా గురించి నాకు తెలిసివచ్చిన నాలుగు ముక్కలూ రైలు పెట్టెలోనో, బస్సు కోసం ఎదురుచూసే టీ కొట్టు బల్ల మీదనో, ఎదుటివారు అడిగిన మామూలు ప్రశ్నలకు జవాబు చెబుతుండగా తెలిసినవే.

ఒంటరిగా ప్రయాణించే స్త్రీని మన దేశంలో ఏమేం అడుగుతారో మీకు తెలియనిది కాదు: ఏ ఊరు, ఏం చేస్తారు, పెళ్లయిందా, ఒక్కరే ఎందుకు వచ్చారు. మన విశ్వేశ్వరయ్య టెర్మినల్‌లో రైలెక్కితే గువాహటి చేరడానికి రెండు రోజులకు పైగా పడుతుంది. ఈ ప్రశ్నలన్నీ ఆ పెట్టెలోనే పూర్తవుతాయి. మొదట్లో మీరు కంపెనీ పేరు, హోదా చెబుతారు, అన్నేళ్లుగా ఆ జవాబే నోటికి అలవాటైంది కాబట్టి. కొన్ని వారాలకు, మానేసిన ఉద్యోగం పేరు చెప్పడం ఎబ్బెట్టుగా తోచి "సెలవులో ఉన్నాను" అంటారు. ఇంకొంత కాలానికి ఎవరో పెద్దావిడ మళ్లీ అదే అడిగినప్పుడు, చిన్నప్పుడు బొమ్మలు వేసేదాన్ననో, నాన్నతో మాటల్లేకుండా వచ్చాననో, మీరు ముందుగా అనుకోని మాట ఒకటి బయటికి వస్తుంది. ఆ మాటను పట్టుకోండి. ఆవిడ మిమ్మల్ని మళ్లీ చూడదు, మీ అమ్మకు చెప్పదు, మీ జీతం పెంచదు. ఆమెను మెప్పించవలసిన పని మీకు లేదు. పెళ్లి ప్రశ్న దగ్గరా ఇంతే. కొందరితో అయిందని అబద్ధం చెబుతారు. భద్రత కోసం అలా చెప్పడంలో తప్పేమీ లేదు, నేనూ చెప్పాను. కాని ఏ మనిషి దగ్గర ఆ అబద్ధం అవసరమనిపించలేదో గమనిస్తే, మీరెవరిని నమ్ముతారో, ఏం చూసి నమ్ముతారో మీకే అర్థమవుతుంది. అన్నట్టు, అమ్మగారు చెప్పిన జంట ప్రయాణంలో ఈ ప్రశ్నలకు చాలావరకు భర్తే జవాబు చెప్పేస్తాడు.

ఇందుకొక షరతు ఉంది: ఊళ్లు మారడం తగ్గించాలి. నాలుగు రోజులకొక చోటు మార్చేవారికి గది, బస్సు, తిండి వెతుక్కోవడంతోనే పొద్దు గడిచిపోతుంది. ఇక్కడ మీ రోజును ఉదయపు మీటింగు, ఆఫీసు క్యాబు, వంటమనిషి వచ్చే వేళ, సాయంత్రం అమ్మ ఫోను కలిసి నడిపిస్తున్నాయి. ఇవేవీ లేని ఊళ్లో నెల రోజులుంటే ఏదో ఒకనాడు తప్పకుండా విసుగు పుడుతుంది. ఆనాడు సంచి సర్దుకోకుండా ఆగగలిగితే, ఎవరూ చెప్పనప్పుడు మీరేం చేస్తారో కనిపిస్తుంది. నాకు కనిపించింది గొప్ప సంగతేమీ కాదు: ఏకాంతమంటే ఇష్టమని అందరితో చెప్పుకునే నేను ఏ ఊరికి వెళ్లినా బాగా సందడిగా ఉండే హోటలు వెతుక్కుని, గంటల కొద్దీ అక్కడే కూర్చునేదాన్ని.

ఇక ఏర్పాట్లు. అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్‌లకు వెళ్లాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ అనే ముందస్తు అనుమతి పత్రం కావాలి. హిమాచల్‌లో బాగా ఎత్తున ఉన్న స్పితి లోయకు మనాలి వైపు దారిలో ఉన్న కుంజుమ్ కనుమ చలికాలమంతా మూసి ఉంటుంది గనుక హిమాచల్‌ను వేసవికి పెట్టుకోండి. సిమ్లా, కిన్నౌర్ మీదుగా ఎక్కితే శరీరం ఎత్తుకు మెల్లగా అలవాటుపడుతుంది. ఉద్యోగంతో పాటే కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కూడా పోతుంది. సొంతంగా తీసుకునే పాలసీ సాధారణంగా మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు వర్తించదు, కాబట్టి నోటీసు కాలంలోనే తీసుకోండి. అసలు రాజీనామాకు ముందు, జీతం లేని సెలవు అడిగి చూడండి. నాన్నగారితో వాదన పెట్టుకోవద్దు. ఏ వేళకు ఫోను చేస్తారో, మీ బస వివరాలు ఎవరి దగ్గర ఉంటాయో కాగితం మీద రాసి ఇవ్వండి. ఆయన ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోయినా మీరు వెళ్లవచ్చుననే నా అభిప్రాయం.

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. వయసు 66. మా ఆవిడ పోయి రెండేళ్లయింది. కాశీ మొదలుకొని ఉత్తరాదిలో కొన్ని నెలలు ఒక్కడినే తిరగాలనుకుంటే, పిల్లలు ప్యాకేజీ టూరులో అయితేనే వెళ్లమంటున్నారు. ఈ వయసులో ఈ కోరిక తగునా?
– ఒక పాఠకుడు, మల్లేశ్వరం

జవాబు: ఆరోగ్యం సరిగా ఉంటే తప్పకుండా వెళ్లండి. రైల్లో మిమ్మల్ని మొట్టమొదట అడిగేది "అమ్మగారు రాలేదా?" అనే. తొలిసారి గొంతు పట్టేస్తుంది. అయినా ఆ ప్రశ్న మీకు మేలే చేస్తుందని నమ్ముతున్నాను. ఇంట్లో పిల్లలు మీరు బాధపడతారని ఆమె ప్రస్తావన తప్పిస్తుంటారు, మీరూ వాళ్ల కోసం తప్పిస్తుంటారు. ఆమె కాఫీలో చక్కెర ఎంత వేసుకునేదో, దేనికి కోప్పడేదో వినడానికి ఎదుటి బెర్తు మనిషికి ఏ మొహమాటమూ ఉండదు. ఇరవై మందికి చెప్పేసరికి, ఆమె గురించి మీరు ఏది ముందు చెబుతున్నారో, ఏది దాటవేస్తున్నారో మీకే తెలుస్తుంది. ప్యాకేజీ బృందంలో అయితే మొదటి రోజే అందరికీ విషయం తెలిసిపోతుంది, ఆపైన జాలి తప్ప ప్రశ్న ఉండదు.

వృద్ధులకు రైలు ఛార్జీలో ఇచ్చే రాయితీ 2020 మార్చి నుంచి ఆగిపోయింది. కింది బెర్తు కోటా మాత్రం 60 దాటిన పురుషులకు ఉంది. అదీ ఒంటరిగానో, మరొక వృద్ధులతోనో టికెట్టు తీసుకుంటేనే, కొడుకు తోడుంటే వర్తించదు. బయలుదేరిన స్టేషనుకే తిరిగివచ్చేలా సర్క్యులర్ జర్నీ టికెట్టు తీసుకుంటే దారిలో ఎనిమిది చోట్ల వరకు దిగవచ్చు, ఛార్జీ కూడా కలిసివస్తుంది; రిజర్వేషన్లు వేరుగా చేయించుకోవాలి. నవంబరులో పింఛను కోసం ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రాన్ని ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి ఎక్కడి నుంచైనా ఇవ్వవచ్చు. కాశీలో ఆంధ్రాశ్రమం ఉంది కాబట్టి తెలుగు మాటకు కరువుండదు. అలాగని నెలంతా అక్కడే గడిపేయకండి.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. త్వరలో ఒంటరి ప్రయాణం మొదలుపెడుతున్నాను. ప్రతిరోజూ వీడియో పెట్టాలని స్నేహితులు అంటున్నారు. పెట్టమంటారా?
– ఒక పాఠకుడు, కోరమంగళ

జవాబు: వద్దంటాను. మిమ్మల్ని ఎరిగిన వందలాది మంది రోజూ చూస్తుంటే, వాళ్లెరిగిన మనిషిలాగే మాట్లాడతారు; అపరిచితుల ముందు దొరికిన కొత్త జవాబు అక్కడ చెల్లదు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. దారిలో చూసిందీ తోచిందీ కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లై అనే ఒక్క మిత్రుడికి రాస్తూ పోయారు. ఆ రాతలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. మీరూ అలాగే ఒక్కరిని ఎంచుకుని వారానికొక ఉత్తరం రాయండి. ఆ ఒక్కరు మీతో రోజూ మాట్లాడేవారు కాకపోతే మరీ మంచిది. వీడియోలు తిరిగివచ్చాక పెట్టుకోవచ్చు; ఎక్కడున్నారో అప్పటికప్పుడు లోకానికి తెలియకపోవడం భద్రత దృష్ట్యా కూడా మేలు.