అంబాసిడర్ మీటర్లు మొరాయిస్తే: మేనల్లుడికి ఒక లేఖ

కావలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాస్తున్నది.

నీ అంబాసిడర్‌లో పెట్రోలు ముల్లూ, టెంపరేచర్ ముల్లూ రెండూ లేవడం లేదనీ, స్పీడోమీటరు ముల్లు వణుకుతోందనీ, ఒంగోలులో ఎవరో మెకానిక్కు మీటర్లన్నీ కొత్తవి వేయించమన్నాడనీ రాశావు. వద్దు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో ఈ బండి తయారీ 2014లోనే ఆగిపోయింది కనుక, బండితో వచ్చిన మీటరును పారేస్తే దాని చోట వచ్చేది పోలిక మాత్రమే ఉన్న సరుకు కావచ్చు. పైగా నేను చూసినంతలో మీటరే పాడైన బండ్ల కంటే, మీటరుకు వచ్చే కరెంటో, ఎర్తో (కరెంటు బ్యాటరీకి తిరిగి పోయేందుకు బండి ఇనుముతో ఉండే కలుపు), అవతలి చివర ట్యాంకులోనో ఇంజనులోనో ఉండి కొలిచే యూనిటో పాడైన బండ్లే ఎక్కువ. కాబట్టి మీటరును అందరికంటే చివర అనుమానించు.

ముందుగా ఎన్ని ముళ్లు కలిసి మొరాయించాయో గమనించాలి. ఒక్క పెట్రోలు ముల్లే పడిపోయి మిగిలినవి బాగుంటే, తప్పు దాని వైరులోనో ట్యాంకులోని యూనిట్‌లోనో ఉంటుంది. నీకు జరిగినట్లు రెండూ ఒకేసారి పోతే, ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోటు వెతకాలి. అంటే ఫ్యూజు, ఇగ్నిషన్ నుంచి వచ్చే వైరు, ఉంటే గనుక స్టెబిలైజరు. ఫ్యూజును కంటితో చూసి బాగుందనుకోవద్దు. సముద్రపు గాలికి దాని మూతల మీదా క్లిప్పుల మీదా పచ్చటి చిలుము పట్టి, తీగ తెగకుండానే కరెంటు ఆగిపోతుంది. ఫ్యూజు తీసి, క్లిప్పులను సన్నని గరకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, కొంచెం దగ్గరికి నొక్కి మళ్లీ పెట్టు. కొత్తపట్నం వైపు రోజూ తిరిగే బండికి ఈ ఒక్క పనితోనే రెండు ముళ్లూ లేచినా ఆశ్చర్యపోను.

స్టెబిలైజరు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. బ్రిటిష్ బండ్లలో 1960లలో వాడుకలోకి వచ్చిన ఈ చిన్న రేకు డబ్బీ మీటర్ల వెనక ఉంటుంది. బ్యాటరీ వోల్టేజీ ఇంజను ఆగి ఉన్నప్పుడు 12.6, ఛార్జింగులో దాదాపు 14 దాకా మారుతూ ఉంటుంది కనుక, ఆ మార్పుకు ముళ్లు ఊగిపోకుండా ఇది సగటున 10 వోల్టులు మాత్రమే మీటర్లకు పంపుతుంది. లోపల రెండు లోహాలు అతికించిన పట్టీ, దాని చుట్టూ హీటరు తీగ ఉంటాయి. పట్టీ వేడెక్కి వంగితే కాంటాక్టు విడిపోతుంది, చల్లారితే మళ్లీ కలుస్తుంది. కాంటాక్టులు మాడిపోతే కరెంటు అసలు బయటికి రాక రెండు ముళ్లూ కింద ఉండిపోతాయి. డబ్బీని బిగించిన స్క్రూ వదులై ఎర్తు పోతే మాత్రం వ్యవహారం తలకిందులవుతుంది: హీటరుకు కరెంటు అందక కాంటాక్టు విడిపోదు, పూర్తి బ్యాటరీ వోల్టేజీ మీటర్లకు వెళ్లి, రెండు ముళ్లూ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. ట్యాంకు నిండా పెట్రోలు, ఇంజను మంట అన్నట్లు రెండూ కలిసి పైకెక్కితే ముందు ఆ స్క్రూను బిగించి చూడు. డబ్బీ బయటికి పంపే టెర్మినలుకూ ఎర్తుకూ మధ్య చిన్న బల్బు పెడితే అది వెలుగుతూ ఆరుతూ ఉండాలి. డిజిటల్ మల్టీమీటరులో అంకెలు నిలకడగా ఉండవు, దానికి కంగారు పడకు. అన్ని మోడళ్లకూ ఈ డబ్బీ ఉండదు. మీటర్ల వెనక నీ చేత్తో తడిమి చూసుకో.

ఇక పెట్రోలు యూనిట్. ఇగ్నిషన్ వేయగానే ముల్లు మెల్లగా, బద్ధకంగా లేచే రకమైతే అది వేడితో పనిచేసే మీటరు. ట్యాంకు వైరు విడదీస్తే ముల్లు ఖాళీ దగ్గర ఉండాలి, ఆ వైరును ఎర్తు చేస్తే నిండుకు పోవాలి. చటుక్కున ఎగిరే పాత అయస్కాంతపు మీటర్లలో ఇది తారుమారయ్యే రకాలున్నాయి, కనుక నీది ఏ రకమో తేల్చుకోకుండా తీర్పు చెప్పవద్దు. ఎర్తు చేసేటప్పుడు ముందు ఇగ్నిషన్ తాళం ఆపి, వైరును ట్యాంకు మూతకు దూరంగా బాడీ ఇనుముకు గట్టిగా కలిపి, ఆ తర్వాతే తాళం వెయ్యి. ట్యాంకు పక్కన వైరు తగిలించి నిప్పురవ్వ లేపితే ఏమవుతుందో నీకు చెప్పనక్కరలేదు. ముల్లు నిండు దగ్గరికి రాగానే తాళం తీసెయ్యి, అక్కడే ఉంచితే మీటరు లోపలి తీగ కాలిపోతుంది.

ఆ పరీక్షలో ముల్లు సరిగా కదిలితే మీటరూ వైరూ బాగున్నట్లే. అప్పుడు ట్యాంకు యూనిట్ రేకు నుంచి ఛాసిస్‌కు ఒక విడి వైరు కలిపి చూడు; ముల్లు సర్దుకుంటే పోయింది ఎర్తు మాత్రమే. రంగు వేయించినప్పుడు ట్యాంకు కింద కూడా దట్టంగా పూసి, ఎర్తును తామే పూడ్చేసిన పనివాళ్లను చూశాను. అప్పటికీ సర్దుకోకపోతే యూనిట్ బయటికి తీసి, దానికున్న ఫ్లోటును, అంటే పెట్రోలు మీద తేలే బుడ్డిని, చెవి దగ్గర ఊపు. లోపల గళగళమంటే అందులోకి పెట్రోలు దిగి ఫ్లోటు మునిగిపోతోందన్నమాట. ఇత్తడి ఫ్లోటును వేడి నీళ్లలో ముంచితే చిల్లు ఉన్నచోట బుడగలు వస్తాయి. లోపలి పెట్రోలు చుక్క లేకుండా పూర్తిగా ఆరకముందు సోల్డరు కాడను దాని దరిదాపులకు తేవద్దు.

టెంపరేచర్ యూనిట్ వేడెక్కేకొద్దీ రెసిస్టెన్సు తగ్గే రకం. దానికి మరలోంచే ఎర్తు అందుతుంది కనుక, నీళ్లు కారకుండా తెల్లటి టేపు మందంగా చుట్టితే ముల్లు తక్కువ చూపిస్తుంది. ఈ మీటరు మీద నమ్మకం కుదరనంత కాలం, రోహిణి కార్తెలో కనిగిరి దారిన పోయేటప్పుడు నీళ్ల డబ్బా వెంట ఉంచుకో. వేడి రేడియేటరు మూత మాత్రం తిప్పవద్దు.

అబ్బయ్యా, ఆయిల్ ప్రెషర్ ముల్లు విషయంలో మాత్రం ఇంతసేపూ చెప్పినదానికి వ్యతిరేకంగా నడుచుకో. అది పడిపోయినా, ఎర్ర లైటు వెలిగినా, మీటరుదే తప్పని అనుకోకుండా వెంటనే ఇంజను ఆపి, ఆయిల్ మట్టం చూసి, యూనిట్ విప్పి అక్కడే నేరుగా ప్రెషరు కొలిచే గేజి బిగించి పరీక్షించు. పెట్రోలు ముల్లు అబద్ధమాడితే సింగరాయకొండ దగ్గర రోడ్డు పక్కన నిలబడతావు, అంతే. ఆయిల్ ముల్లు నిజం చెప్పినప్పుడు వినకపోతే బేరింగులు పోతాయి.

ఆమీటరు, అంటే కరెంటు ఎంత పారుతోందో చూపే మీటరు ఉంటే, దాని వెనక చెయ్యి పెట్టేముందు బ్యాటరీ ఎర్తు కొనను తీసెయ్యి. పాత పద్ధతిలో బండి కరెంటు దాదాపు అంతా దానిగుండానే పోతుంది, వదులు నట్టు ఒకటున్నా వేడెక్కి వైరింగు అంటుకుంటుంది. పని అయ్యాక ఎర్తు కొనను అన్నిటికంటే చివర తగిలించు.

స్పీడోమీటరుకు కరెంటుతో పనిలేదు. గేరుబాక్సు నుంచి వచ్చే కేబులు లోపల ఒక అయస్కాంతాన్ని తిప్పితే, దాని లాగుడుకు అల్యూమినియం గిన్నె, గిన్నెతో ముల్లు కదులుతాయి. ముల్లు వణుకుతోందంటే కేబులు ఎండిపోయి ఉండాలి, లేదా ఎక్కడో బాగా మడత పడి ఉండాలి. లోపలి తీగను బయటికి లాగి, పెట్రోలు గుడ్డతో తుడిచి, బల్లమీద దొర్లించు. సాఫీగా దొర్లకుండా ఎగురుతుంటే వంకర పడింది, మార్చాల్సిందే. బాగుంటే గ్రాఫైట్ గ్రీసు పలచగా రాయి, మీటరు వైపు చివర మాత్రం పొడిగా వదిలెయ్యి. అక్కడ కూడా పూస్తే గ్రీసు మీటరులోకి ఎక్కి గిన్నెకు అంటుకుంటుంది, అప్పుడు నిజంగానే మీటరు విప్పాలి.

ఫ్యూజు శుభ్రం చేశాక, ట్యాంకు వైరు విడదీసినప్పుడూ ఎర్తు చేసినప్పుడూ ముల్లు ఎక్కడ నిలిచిందో, మెల్లగా లేచిందో చటుక్కున లేచిందో రాసి పంపు. ఆ రెండు సంగతులూ తెలిసేదాకా నెల్లూరు ఆటోనగర్‌లో ఏమీ కొనకు.

ఆశీస్సులతో,
మామయ్య