స్కీయింగ్ సెలవుకు హోటలా, వంటగది ఉన్న ఇల్లా?

ప్రశ్న: నేను, నా భార్య మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. పిల్లలకు 9, 6 ఏళ్లు. ఫిబ్రవరిలో బడి సెలవుల వారంలో ఆస్ట్రియాలోని టిరోల్‌కు వెళ్లి నలుగురం మొదటిసారి స్కీయింగ్ నేర్చుకోవాలనుకుంటున్నాం. ఇందుకోసం 4,500 యూరోలు విడిగా దాచుకున్నాం. ఉదయం ఫలహారం, రాత్రి భోజనం కలిపి ఇచ్చే నాలుగు నక్షత్రాల హోటల్ తీసుకోమని, డబ్బు చాలకపోతే అత్యవసర నిధి నుంచి తీసి తర్వాత నింపుకోవచ్చని మిత్రులు చెబుతున్నారు. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ చాలని నా భార్య అంటోంది. మేం గుడ్డు తింటాం, మాంసం ముట్టం. ఏది సరైన నిర్ణయం?

సమాధానం: ముందుగా సెలవు కోసం విడిగా డబ్బు దాచుకున్నందుకు మీ ఇద్దరినీ అభినందిస్తున్నాను. మీ వివరాలు చూశాక నా అభిప్రాయం మీ శ్రీమతి గారి వైపే ఉంది. అయితే అపార్ట్‌మెంట్ చవక అన్న ఒక్క కారణంతో ఈ మాట చెప్పడం లేదు. ఆల్ప్స్‌లో బస ఖర్చును, తిండి ఖర్చును విడివిడిగా చూసేవారు చాలామంది లెక్క తప్పుతారు. రాత్రి ఎక్కడ పడుకుంటామన్నదే మధ్యాహ్నం ఎక్కడ తింటామన్నది తేల్చేస్తుంది. కాబట్టి గది అద్దెను మాత్రమే కాకుండా పడకకూ మూడు పూటల తిండికీ కలిపి వారానికి ఎంత అవుతుందో పోల్చి చూడాలి.

బస ఏదైనా తప్పని ఖర్చులను మొదట పక్కన పెడదాం. పిల్లలిద్దరికీ అయిదు రోజుల స్కీ స్కూలుకు సుమారు 560, మీ ఇద్దరికీ కొద్ది రోజుల శిక్షణకు 400, నలుగురికీ స్కీలు, బూట్లు, హెల్మెట్ల అద్దెకు 440, కొండ పైకి చేర్చే లిఫ్టుల టికెట్లకు 440, కారు ఇంధనం, ఆస్ట్రియాలో రహదారి సుంకం కింద కొనాల్సిన స్టిక్కరు, బీమా కలిపి 100 యూరోలు వేసుకోండి. మొత్తం 1,940 యూరోలవుతుంది. ఇవి నా అంచనాలు, మీరు ఎంచుకునే ఊరిని బట్టి కొంత అటూ ఇటూ అవుతాయి. పెద్ద స్కీ ప్రాంతాలలో పెద్దవారి ఒకరోజు టికెట్ ఇప్పుడు 70 యూరోలు దాటింది, కానీ మొదటిసారి నేర్చుకునేవారికి కొండ మొత్తానికీ చెల్లే ఆరు రోజుల టికెట్ అవసరం ఉండదు. నేర్చుకునే వాలు దగ్గరి చిన్న లిఫ్టులకు మాత్రమే చెల్లే టికెట్ అడిగి తీసుకోండి. ఇక బీమా సంగతి. మీ జర్మన్ ప్రభుత్వ ఆరోగ్య బీమా కార్డు ఆస్ట్రియా ఆసుపత్రిలో పనికొస్తుంది గాని, కొండ మీద నుంచి హెలికాప్టర్‌లో కిందికి దించే ఖర్చును సాధారణంగా భరించదు. ఆ బిల్లు వేల యూరోలలో ఉంటుంది కనుక పర్వత రక్షణ ఖర్చును భరించే పాలసీ లేకుండా బయలుదేరవద్దు.

అంటే బసకూ తిండికీ మీ దగ్గర మిగిలేది 2,560 యూరోలు. ఇప్పుడు మిత్రులు చెప్పిన హోటల్‌ను తీసుకుందాం. సెలవుల వారంలో, రెండు పూటల భోజనంతో, నాలుగు నక్షత్రాల హోటల్‌లో పెద్దవారికి రాత్రికి 160, పిల్లలకు 80 యూరోల చొప్పున వేసుకున్నా రోజుకు 480, ఏడు రాత్రులకు 3,360 అవుతుంది. పెద్దవారికి తలకు రోజుకు మూడేసి యూరోల స్థానిక పన్ను కలిపితే మరో 42. రాత్రి భోజనం ధరలో పానీయాలు ఉండవు, వాటిని విడిగా రాసి చివరి రోజున బిల్లు ఇస్తారు. నలుగురికి వారానికి 175 అనుకోండి. ఇంత చెల్లించాక కూడా మధ్యాహ్న భోజనం మీదే. కొండ మీది గుడిసె హోటళ్లలో నలుగురికి ఒక పూటకు 60 యూరోల చొప్పున ఆరు రోజులకు 360. మొత్తం 3,937 యూరోలు. మీ దగ్గరున్న దానికి 1,377 యూరోలు తక్కువ పడుతుంది. ఈ లోటు పూడ్చడానికే మీ మిత్రులు అత్యవసర నిధిని చూపిస్తున్నారు. అది ఉద్యోగం పోయిన నెలలకూ, ఇండియాలో తల్లిదండ్రులకు ఉన్నట్టుండి వైద్యం అవసరమైన రోజుకూ దాచిన డబ్బు. ఎప్పుడు వెళ్లాలో మీరే నిర్ణయించుకునే సెలవు దాని పరిధిలోకి రాదు. తర్వాత నింపుకుందామన్న మాట ఎంత నమ్మకంగా చెప్పినా, నింపే లోపు అవసరం వస్తే ఏం చేయాలన్న ప్రశ్నకు దానిలో జవాబు లేదు.

మీరు శాకాహారులు కావడం వల్ల హోటల్ విషయంలో మరొక నష్టం ఉంది. ఆ ధరలో ఒకదాని తర్వాత ఒకటిగా నాలుగైదు వంటకాలు వడ్డించే, మాంసం ప్రధానంగా ఉండే విందు ఖరీదు కలిసి ఉంటుంది. శాకాహారులకు సలాడ్లు, జున్ను, పాస్తా తప్పకుండా దొరుకుతాయి, కానీ వారమంతా అవే తింటూ విందు ధర చెల్లించినట్లవుతుంది. అలాగని హోటల్ ఎవరికీ తగదని నేను అనను. వృద్ధులు వెంట ఉన్నవారికి, వంట చేసే ఓపిక లేనివారికి, మధ్యాహ్నం తిరిగి రాగానే సూప్, కేకు కూడా ధరలోనే ఇచ్చే హోటల్ దొరికినవారికి అది న్యాయమైన బేరమే కావచ్చు. ఉదయం ఫలహారం మాత్రమే ఇచ్చే హోటళ్లను, అక్కడ వీటిని గార్ని అంటారు, మీరు పూర్తిగా పక్కన పెట్టండి. ధర తక్కువ కనిపిస్తుంది, కానీ గదిలో పొయ్యి ఉండదు. రాత్రి భోజనానికి రోజూ బయటికి వెళ్లాలి. నలుగురికి 90 యూరోల చొప్పున ఏడు రాత్రులకు 630 యూరోలు దానికే పోతాయి.

ఇక అపార్ట్‌మెంట్. ఇందులోనూ రెండు దారులున్నాయి. లిఫ్టుకు పది కిలోమీటర్ల దూరంలో లోయలో ఉన్న ఇల్లు రాత్రికి 180 యూరోలకు, లిఫ్టుకు నడిచి వెళ్లగలిగే ఇల్లు 260 యూరోలకు దొరుకుతాయనుకుందాం. వారానికి తేడా 560 యూరోలు కనుక చాలామంది దూరంగా ఉన్నదే తీసుకుంటారు. కానీ దూరంగా ఉంటే మధ్యాహ్నం ఇంటికి వచ్చి తినడం కుదరదు. కొండ మీది గుడిసె హోటళ్లలో ఎవరి తిండి వారు తెచ్చుకుని బల్లల దగ్గర తినడానికి సాధారణంగా ఒప్పుకోరు. మైనస్ డిగ్రీల చలిలో బయట బెంచీ మీద డబ్బా విప్పుకుని పిల్లలతో తినడం ఒక రోజుకు సరదాగా ఉంటుంది, ఆరు రోజులు సాగదు. అంటే ఆరు పూటలకూ 360 యూరోలు కొండ మీదే ఖర్చవుతాయి. దగ్గర ఇల్లు తీసుకున్నవారు రెండు రోజులు సరదాకు కొండ మీద తిని, మిగతా రోజులు ఇంట్లో వేడి సాంబారన్నం తినవచ్చు. రెండు ఇళ్లకూ శుభ్రపరిచే రుసుము 90, స్థానిక పన్ను 42, వారం సరుకులకు 245, రెండు రాత్రులు బయట భోజనానికి 180 సమానంగా వేస్తే, దూరపు ఇంటికి మొత్తం 2,177, దగ్గరి ఇంటికి 2,497 యూరోలవుతుంది. 560గా కనిపించిన తేడా 320కి తగ్గింది. దగ్గరి ఇల్లు మీ 2,560లో సరిపోతుంది కూడా. మొదటిసారి స్కీ బూట్లు వేసుకున్న ఆరేళ్ల పిల్ల మధ్యాహ్నం ఒంటిగంటకు అలసి ఏడుస్తుంటే పది నిమిషాల్లో ఇంటికి తీసుకెళ్లగలగడానికి ఆ 320 యూరోలు చెల్లించడం నా దృష్టిలో దుబారా కాదు.

ఊరి ఎంపిక కూడా డబ్బు విషయమే. కిట్స్‌బ్యూల్, లెఖ్, సాంక్ట్ ఆంటోన్ వంటి పేరుమోసిన ఊళ్లలో నేర్చుకునేవారు చెల్లించే అదనపు ధరకు ప్రతిఫలం ఉండదు, ఎందుకంటే వాటి గొప్పదనమంతా పై వాలులలో ఉంది. మ్యూనిక్ నుంచి దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న స్కీవెల్ట్ ప్రాంతంలోని సోల్, ఎల్‌మావ్, హోప్ఫ్‌గార్టెన్ వంటి పల్లెలు చూడండి. హోప్ఫ్‌గార్టెన్‌లో రైలు దిగి నడిచి లిఫ్టుకు చేరవచ్చు. ఈ ప్రాంతాలలో రైతు కుటుంబాలు తమ ఇంటిలో కొంత భాగాన్ని అతిథులకు ఇస్తుంటాయి. అలాంటి ఇంట్లో దిగితే పాలు, గుడ్లు చాలాసార్లు ఆ ఇంటివారి దగ్గరే కొనుక్కోవచ్చు. బడి సెలవుల వారాన్ని మార్చుకునే వీలు మీకు లేదు, జర్మనీలో పిల్లలను బడి మాన్పించి తీసుకెళితే జరిమానా పడుతుంది. ఆ వీలున్నవారికి మాత్రం జనవరి 6న వచ్చే క్రైస్తవుల ఎపిఫనీ పండుగ తర్వాతి వారాలు ఎంతో చవక.

వంట గురించి మరికొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ లెక్క నిలబడేదీ కూలేదీ అక్కడే. సెలవుల వారంలో ఇళ్లు ఎక్కువగా శనివారం నుంచి శనివారానికే ఇస్తారు. ఆస్ట్రియాలో దుకాణాలు శనివారం సాయంత్రం 6 గంటలకు మూసేస్తారు, ఆదివారం సాధారణంగా తెరవరు. రద్దీలో చిక్కుకుని ఏడింటికి చేరితే రెండు రోజులు హోటల్ తిండే గతి అవుతుంది. కాబట్టి బియ్యం, కందిపప్పు, చింతపండు, పోపు సామాను, పొడులు, నెయ్యి, మొదటి రెండు రోజుల కూరగాయలు, పెరుగు మ్యూనిక్ నుంచే కారులో తీసుకెళ్లండి. అక్కడ సరిహద్దు దాటడానికి వాటితో ఇబ్బంది లేదు. ఇండియా నుంచి ఎవరైనా వస్తూ నెయ్యి, పాలకోవా తెస్తామంటే మాత్రం వద్దనండి, పాల పదార్థాలను బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి ప్రయాణికులు తీసుకురాకూడదు. కుక్కర్ కూడా పెట్టుకోండి. ఊరు బాగా ఎత్తులో ఉంటే, ఉదాహరణకు 1,900 మీటర్లకు పైనున్న ఓబర్‌గుర్గుల్‌లో, నీళ్లు 94 డిగ్రీల లోపే మరుగుతాయి కనుక మామూలు గిన్నెలో కందిపప్పు మెత్తబడటానికి చాలాసేపు పడుతుంది.

వంట పని మొత్తం మీ శ్రీమతి గారి మీద పడితే మిగిలిన యూరోలను మిగులుగా లెక్క వేయడం అన్యాయం. ఏ పూట ఎవరు వండాలో బయలుదేరే ముందే ఇద్దరూ రాసుకోండి. బయట తినడానికి నేను వేసిన రెండు రాత్రులను ఖర్చు తగ్గించడానికి కొట్టేయకండి.

కొండ మీద తినే రెండు పూటలకు మీరు తినగలిగేవి మంచివే ఉన్నాయి. గుడ్డు తింటారు కనుక జున్ను, వేయించిన ఉల్లిపాయలతో వచ్చే నూడుల్స్‌లాంటి కేజ్‌ష్పెట్‌స్లె, ముక్కలు చేసిన తీపి అట్టులాంటి కైజర్‌ష్మార్న్, గసగసాలు చల్లి లోపల ప్లమ్ జామ్ పెట్టిన మెత్తటి పిండి ఉండ గెర్మ్‌క్నోడెల్ పిల్లలకు నచ్చుతాయి. పెద్ద పళ్లెం కైజర్‌ష్మార్న్ ఇద్దరు పిల్లలకు సరిపోతుంది. జున్ను ఉండలు వేసిన సూప్ శాకాహారంలా కనిపించినా, దాని రసం తరచుగా గొడ్డుమాంసంతో కాచినదై ఉంటుంది. ఆర్డరు ఇచ్చే ముందు అడగండి. స్కీ స్కూలు పిల్లలకు మధ్యాహ్న భోజనం కూడా పెడితే మాంసం లేనిది కావాలని నమోదు సమయంలోనే రాయించండి.

ఇల్లు వెతికేటప్పుడు పెద్ద వెబ్‌సైట్లలో చూసిన ఇంటినే ఆ ఊరి పర్యాటక కార్యాలయం ద్వారా గాని, నేరుగా యజమానిని గాని అడిగి చూడండి, దళారి కమీషన్ లేకపోవడంతో ధర కొంత తగ్గవచ్చు. రద్దు నిబంధనలు తప్పక చదవండి. ఆస్ట్రియాలో చాలా హోటళ్లు, అతిథి గృహాలు అనుసరించే నిబంధనల ప్రకారం మూడు నెలల ముందు వరకు రద్దుకు రుసుము ఉండదు, ఆ తర్వాత నెల ముందు వరకు 40 శాతం, వారం ముందు వరకు 70 శాతం, చివరి వారంలో 90 శాతం చెల్లించాలి. పిల్లలకు జ్వరాలు వచ్చే కాలం కనుక నవంబరు తర్వాత బుక్ చేస్తే రద్దు బీమాకు అయ్యే కొద్ది మొత్తాన్ని వెనకాడకుండా చెల్లించండి. అడ్వాన్సు పంపే ముందు యజమానికి ఈమెయిల్ రాసి, పొయ్యి ఇండక్షనా లేక మామూలు గాజు పలక పొయ్యా, మీ కుక్కర్ అడుగు దానికి సరిపోతుందా, వంటింట్లో పొగను బయటికి లాగే ఫ్యాన్ ఉందా, పోపు పొగకు హెచ్చరిక గంట మోగుతుందా, దుప్పట్లూ తువ్వాళ్లూ శుభ్రపరిచే రుసుమూ చెప్పిన ధరలోనే ఉన్నాయా, లిఫ్టుకు నడక పిల్లలతో ఎన్ని నిమిషాలు అన్నవి అడగండి. జవాబు రాతపూర్వకంగా వచ్చాకే డబ్బు పంపండి.