రిజిస్టర్ వదలని సిస్టర్ల గురించి

శ్రీకాకుళం.

అమ్మలూ,

మీ పీహెచ్‌సీకి కంప్యూటర్లు వచ్చి రెండు నెలలైనా సిస్టర్లు రిజిస్టర్ వదలట్లేదని, పెద్దవాళ్లకి మార్పంటే పడదని మొన్న ఫోన్‌లో అన్నావు. ఆ మాట నాకు నచ్చలేదమ్మా. ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసిన మీ పెద్దమ్మ కూడా ఆ పెద్దవాళ్లలో మనిషే.

నేను చేసిన ఒక ఆసుపత్రిలో కంప్యూటర్ వచ్చింది గానీ రిజిస్టర్ పోలేదు. పొద్దున్న ఓపీలో పేరు, వయసు, బీపీ చేత్తో రాయాలి. మధ్యాహ్నం అవే మళ్లీ ఎక్కించాలి. సర్వర్ కదిలేది కాదు, ఈలోగా నా బస్సు వెళ్లిపోయేది. నెలాఖరు రిపోర్టు మాత్రం మళ్లీ చేత్తోనే! రెట్టింపు పని చేయించుకుని, చేసినవాళ్లకి ఏమీ తిరిగివ్వని దాన్ని ఎవరు వాడతారు? ముందు పైవాళ్లతో మాట్లాడి ఒక్క రిజిస్టరైనా తీసేయించు.

కొత్త టెక్నాలజీని మనుషులు ఎందుకు వాడతారో పరిశోధించిన ఫ్రెడ్ డేవిస్ 1989లోనే చెప్పాడు: మనిషి ముందు చూసేది ఇది నా పనికి ఉపయోగమా, వాడటం తేలికా అని. తోటివాళ్ల మాట, కరెంటు, నెట్, నేర్పే మనిషి కూడా ముఖ్యమని 2003లో అదే విషయం మీద పరిశోధించిన వెంకటేష్ బృందం చెప్పింది. నా అనుభవంలో ఉపయోగమే అన్నిటికన్నా పెద్దది.

అది చూపించడానికి ఉద్దానం కన్నా మంచి చోటు లేదు. అక్కడి కిడ్నీ రోగులు ప్లాస్టిక్ కవర్లో కాగితాలు మోసుకుంటూ పలాస, విశాఖ తిరుగుతారు. సగం తడిసినవి, సగం చెరిగిపోయినవి. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్, దాని ఒక్క అంకె చూస్తే ఏం తెలుస్తుంది? ఆర్నెల్ల కింద ఎంత, ఇప్పుడెంత అని పక్కపక్కన చూస్తేనే జబ్బు ఎంత వేగంగా ముదురుతోందో తెలుస్తుంది. ఒక రోగి పాత అంకెలన్నీ నువ్వే ఎక్కించి, సిస్టర్‌ని పిలిచి తెర మీద చూపించు.

నేర్పేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకో. మా సీనియర్ ఏఎన్ఎం కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని ఒక్కో అక్షరం వెతుకుతుంటే, నేర్పడానికొచ్చిన కుర్రాడు "లెండి మేడం" అని మౌస్ లాగేసుకున్నాడు. ఆవిడ మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు. మౌస్ మీ సిస్టర్ చేతిలోనే ఉండనివ్వు, ఎంత ఆలస్యమైనా. ఆవిడ నేర్చుకుంటే మిగతావాళ్లు ఆవిడ్ని చూసి నేర్చుకుంటారు.

తెర క్యూ వైపు తిప్పి పెట్టకండి. మన ఊళ్లలో ఒకరి జబ్బు సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. ఆభా అంటే రోగి ఆరోగ్య రికార్డులకి ఇచ్చే 14 అంకెల నంబరని, తాము ఒప్పుకుంటేనే వివరాలు ఇంకో ఆసుపత్రికి వెళతాయని రోగులకి చెప్పమను. ఒకే పాస్‌వర్డ్ అందరూ వాడితే ఎవరు ఏం రాశారో తేలదు, పొరపాటు జరిగితే నింద ఒకరి మీద పడుతుంది. ఎవరిది వాళ్లకుండాలి.

ఇక కరెంటు. 2018 తిత్లీ తుఫానప్పుడు ఆ వైపు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నారో నీకు తెలుసు. ఒక కాగితం ఫారం ఎప్పుడూ సిద్ధంగా ఉంచు, కరెంటు రాగానే ఎక్కించే పని ఎవరిదో ముందే చెప్పు.

వచ్చే వారం పలాస వస్తున్నాను. ఒక పూట మీ పీహెచ్‌సీకొచ్చి ఆ సిస్టర్ పక్కన కూర్చుంటాను. ఈలోగా ఇన్వర్టర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ ఎప్పుడు పోశారో కనుక్కుని ఉంచు.

పెద్దమ్మ