పొలంలోకి డ్రిల్లింగ్ బండి వస్తానంటోంది, సంతకం పెట్టాలా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర పల్లె. అన్న పేరు మీదున్న నాలుగెకరాలు నేనే కౌలుకు చేస్తున్నా. ఆయన బెంగళూరులో ఉంటాడు. శెనక్కాయ వేసి నెలైంది. వజ్రాల రాయి ఉందేమో చూడ్డానికి బోర్లు వేస్తామంటూ ఒక కంపెనీ వాళ్లొచ్చి, ‘అభ్యంతరం లేదు’ అని రాసిన కాగితం మీద సంతకం అడుగుతున్నారు. పొలం పోతుందేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్. ఇంకోటి, మొన్నటి వానకు నా భార్యకు మెరిసే రాయి దొరికింది. అమ్మితే కేసవుతుందా?
- ఒక రైతు

జవాబు: పొలం పోదు. అన్వేషణ కోసం బోరు వేయడం భూసేకరణ కాదు, పట్టా మీ అన్న పేరు మీదే ఉంటుంది. గని తవ్వే మాట చాలా దూరం. మీ చుట్టుపక్కల కింబర్లైట్ పైపుల్ని (వజ్రాలు ఉండే అవకాశమున్న రాతి గొట్టాల్ని) జియలాజికల్ సర్వే వాళ్లు ఎప్పుడో గుర్తించారు. అయినా దేశంలో యంత్రాలతో తవ్విన పెద్ద వజ్రాల గని అంటే ఇప్పటికీ మధ్యప్రదేశ్‌లో పన్నా దగ్గరి మఝ్‌గవాన్ పేరే చెబుతాం.

ముందు వచ్చినవాళ్లెవరో తేల్చుకోండి. జియలాజికల్ సర్వే, రాష్ట్ర గనుల శాఖ లాంటి ప్రభుత్వ సంస్థలకు అన్వేషణకు లైసెన్సు అక్కర్లేదు. ప్రైవేటు కంపెనీకి లైసెన్సో, కేంద్రం నోటిఫై చేసిన ఉత్తర్వో ఉండాలి. దాని నకలు, మీ సర్వే నంబరు కనిపించే మ్యాపు అడగండి. ఏ అనుమతీ లేకుండా బోరు వేస్తే 1957 గనులు, ఖనిజాల చట్టం 21వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు, హెక్టారుకు ఐదు లక్షల దాకా జరిమానా.

లైసెన్సు ఉంటే మాత్రం మీకు నచ్చని మాట చెప్పాలి. అదే చట్టం 24ఎ సెక్షన్ లైసెన్సుదారును ఆ భూమిలోకి రానిస్తుంది. ఏడు రోజుల ముందు నోటీసు అనేది ఇల్లు, ఇంటిని ఆనుకున్న పెరడు, తోటలకే, చేనుకు కాదు. బండికి అడ్డంగా పడుకుంటే కేసు మీ మీదే పడొచ్చు.

కానీ పంట నష్టానికి వాళ్లు పరిహారం ఇచ్చి తీరాలని చెప్పేదీ ఆ సెక్షనే. ఆ పరిహారం పట్టాదారుకని రాయలేదు, నేలను అనుభవిస్తున్నవారికని రాశారు. అంటే మీకు. ఇక్కడే చాలామంది కౌలురైతులు మోసపోతారు. కంపెనీ మనిషి బెంగళూరు వెళ్లి అన్నతో సంతకం పెట్టించుకుంటాడు, డబ్బు అక్కడే ముడుతుంది, చేను ఇక్కడ పాడవుతుంది. కౌలు కార్డు తీసుకోండి, సర్కారు పంట నమోదు ఈ-క్రాప్‌లో మీ పేరు ఎక్కించుకోండి. సాగుభూమికి పరిహారం లెక్కగట్టేది అలాంటి భూమిలో గత మూడేళ్ల సగటు నికరాదాయాన్ని బట్టి. శెనక్కాయ అమ్మిన చీటీలు ఉంటే వెతికి పెట్టుకోండి.

బోరు రంధ్రం చిన్నదే. నష్టం చేసేది దాని చుట్టూ జరిగే సంత: లారీ చక్రాలు తొక్కిన సాళ్లు, బురదనీటికి తీసిన గుంత, ఒలికిన డీజిల్, మీ బోరు నుంచి పట్టుకెళ్లే నీళ్లు. బండి దిగకముందే చేను నాలుగు మూలలా ఫొటోలు తీయండి. పని అయ్యాక రంధ్రం మూసి, గుంత పూడ్చి, పైమట్టి తిరిగి పరచాలని రాయించుకోండి.

సంతకం పెట్టే కాగితంలో ‘ఏ నష్టపరిహారమూ కోరను’ అనే వాక్యం ఉందేమో చూడండి, ఉంటే కొట్టేయించండి. కింద మీ చేత్తో ‘పరిహారం హక్కు వదులుకోకుండా’ అని రాసి పెట్టండి. పరిహారం ఎంతో తేలకపోతే కలెక్టరుకు, జిల్లా గనుల శాఖ కార్యాలయానికి అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇక రాయి సంగతి. ఊళ్లో అనుకునే లంకెబిందెల చట్టం, అదే 1878 నాటిది, దాచిన సొత్తు గురించి. నా ఉద్దేశంలో భూమిలో పుట్టిన రాయికి అది వర్తించదు. నేలకింది ఖనిజం మామూలుగా భూయజమానిదేనని 2013లో మలబారు భూముల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే మీ చేనుకు యజమాని మీ అన్న, పైగా సొంతమైనా అనుమతి లేకుండా ఖనిజాన్ని తవ్వడం, తరలించడం నేరం. పన్నాలో అయితే వజ్రాన్ని సర్కారు ఆఫీసులో ఇస్తే వేలం వేసి, రాయల్టీ పట్టుకుని మిగతాది ఇస్తారు. మన దగ్గర ఆ ఏర్పాటు లేదు కాబట్టే వ్యాపారి రసీదు లేకుండా చెప్పిందే రేటు. అతనికి అమ్మొద్దు. రాతపూర్వకంగా తహసీల్దారుకు తెలిపి, పంచనామా నకలు తీసుకోండి. చాలాసార్లు పరీక్షలో అది పలుగురాయని తేలుతుంది, అప్పుడు ఇంటికి తెచ్చుకోవచ్చు.