రేంజ్‌లో బాగా ఎగిరే గోల్ఫ్ బాల్ కోర్సులో ఎందుకు మొండికేస్తుంది?

మీ ప్రశ్న చదవగానే నాకు నా 2022 గుర్తొచ్చింది. ఆర్నెల్లుగా గోల్ఫ్ కోసం వారానికి రెండు సాయంత్రాలు డ్రైవింగ్ రేంజ్‌కి (ఒకే చోట నిలబడి బాల్స్ కొట్టి సాధన చేసే మైదానానికి) వెళ్తున్నానని, వెళ్లినప్పుడల్లా వంద బాల్స్ కొడుతున్నానని, అక్కడ చక్కగా ఎగిరే బాల్ ఆదివారం కోర్సులో అడుగుపెట్టగానే అటూ ఇటూ పోతోందని, స్కోరు (పద్దెనిమిది హోల్స్‌కి పట్టిన స్ట్రోకులు, అంటే దెబ్బల లెక్క, తగ్గేకొద్దీ మేలు) 110 దగ్గరే ఆగిపోయిందని రాశారు. రేంజ్‌తో ఉపయోగం ఉందా, లేక డబ్బులు దండగేనా అన్నది మీ ప్రశ్న.

ఉపయోగం ఉంది. కాకపోతే మీరు చేస్తున్న పద్ధతిలో రాదు. నేనూ సరిగ్గా అదే పద్ధతిలో చేశాను కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పగలను. మాది గుంటూరు జిల్లా, ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడ టెక్సస్‌లో, ఫ్రిస్కోలో స్థిరపడ్డాను. 2022లో గోల్ఫ్ ప్రొఫెషనల్స్ సంఘమైన పీజీఏ ఆఫ్ అమెరికా తన ప్రధాన కార్యాలయాన్ని మా ఊరికి మార్చింది. ఆ ఏడాదే నేనూ క్లబ్బు (బాల్‌ని కొట్టే కర్ర) పట్టాను. 112 నుంచి 91కి రావడానికి మూడేళ్లు పట్టింది. మొదటి ఏడాదిన్నర బకెట్ల కొద్దీ బాల్స్ కొట్టినా నాలుగు స్ట్రోకులకి మించి తగ్గలేదు. రేంజ్‌కి వెళ్లడం సగానికి తగ్గించి, వెళ్లినప్పుడు చేసే పని మార్చాకే మిగిలినవన్నీ తగ్గాయి.

నా కళ్లు తెరిపించింది మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన. కాకినాడ వైపు వారు, రిటైరై పదేళ్లు దాటింది. అందరం బాబాయ్ గారనే పిలుస్తాం. ఆయన డ్రైవర్‌తో (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బుతో) కొడితే 170 గజాలు దాటదు, స్కోరు మాత్రం ఎప్పుడూ 90 లోపే. ఒక ఆదివారం నేను టీ టైమ్‌కి (ఆట మొదలుపెట్టే వేళకి) గంట ముందే రేంజ్‌కి వెళ్లి ఏడో నంబర్ ఐరన్‌తో (మధ్యస్థ దూరాలకి వాడే క్లబ్బుతో) ముప్పై బాల్స్ దాకా కొట్టాను. చివరి పదీ వెన్నలా వెళ్లాయి. మూడో హోల్‌లో సరిగ్గా అదే దూరం వచ్చింది, అదే ఐరన్ తీశాను. క్లబ్బు బాల్‌కి రెండంగుళాల వెనకే నేలలో దిగబడింది. బాల్ ఇరవై గజాలు దొర్లి ఆగింది.

"ఇందాకే ముప్పై కొట్టాను బాబాయ్ గారూ, ఒక్కటి కూడా ఇలా పోలేదు" అన్నాను.

ఆయన కార్ట్‌లో కూర్చునే అడిగారు: "ఇవాళ పద్దెనిమిది హోల్స్‌లో ఏడో నంబర్ ఎన్నిసార్లు తీస్తావబ్బాయ్?"

"నాలుగైదుసార్లు."

"వరసగా రెండుసార్లు తీస్తావా?"

"తీయను."

"మరి అక్కడ వరసగా ముప్పై ఎందుకు కొడుతున్నావు?"

ఆ రాత్రంతా ఇదే ఆలోచించాను. ఒకే క్లబ్బుతో, ఒకే చోట నిలబడి, ఒకే వైపు కొడుతుంటే మొదటి బాల్ చేసిన తప్పుని రెండోది కొంత సరిదిద్దుతుంది, రెండోదాన్ని మూడోది సరిదిద్దుతుంది. పదో బాల్‌కి వచ్చేసరికి చేతులకి ఒక వరస కుదురుతుంది. అది నైపుణ్యం అనుకుంటాం. కోర్సులో ఆ వరస ఉండదు. డ్రైవర్ కొట్టాక ఐదు నిమిషాలు నడిచి వెళ్లి, వేరే క్లబ్బు తీసి, ఒక్కటంటే ఒక్కటే కొడతాం. అంటే స్కోరు కార్డు మీద పడేది రేంజ్‌లో కొట్టే ముప్పయ్యో బాల్ కాదు, మొదటి బాల్.

ఈ ఆలోచన వచ్చాక ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నాను. రేంజ్‌లో క్లబ్బు మార్చిన ప్రతిసారీ మొదటి బాల్ ఎలా వెళ్లిందో మాత్రమే రాయడం, మిగతావి ఎంత బాగా వెళ్లినా వదిలేయడం. మూడు వారాల్లో 40 మొదటి బాల్స్ రాశాను. వాటిలో నేను అనుకున్న చోటికి దగ్గరగా వెళ్లినవి 13. అంతవరకూ ఎవరైనా అడిగితే, పదిలో ఏడు బాగానే కొడతానని చెప్పేవాణ్ణి. నోట్‌బుక్ చూశాక నా 108లో వింతేమీ కనబడలేదు. మీరు ఇంకేమీ చేయకపోయినా ఈ లెక్క ఒక్కటి రాయండి. రేంజ్‌కీ కోర్సుకీ మధ్య మీకు కనిపిస్తున్న తేడాలో సగం అక్కడే తేలిపోతుంది.

దీని వెనక శాస్త్రం కూడా ఉంది. మనకి గోల్ఫ్ కంటే బ్యాడ్మింటన్ బాగా తెలుసు కాబట్టి ఆ ఉదాహరణే చెప్తాను. 1986లో గుడ్, మగిల్ అనే ఇద్దరు పరిశోధకులు కాలేజీ అమ్మాయిలకి మూడు రకాల బ్యాడ్మింటన్ సర్వీసులు నేర్పించారు. కొందరిచేత ఒక రకం సర్వీసు పూర్తయ్యాకే ఇంకో రకం చేయించారు, కొందరిచేత మూడూ కలగాపులగంగా చేయించారు. నేర్పించడం అయిపోయాక పరీక్ష పెడితే, కలగాపులగంగా చేసినవాళ్లే మెరుగ్గా నిలిచారు. అప్పటిదాకా కోర్టు కుడివైపు నుంచే సాధన చేసినవాళ్లని ఎడమవైపు నుంచి కొట్టమన్నప్పుడు కూడా వాళ్లదే పైచేయి. ఒకే పని వరసగా చేస్తే బుర్ర ప్రతిసారీ కొత్తగా ఆలోచించనక్కర్లేదు. మధ్యలో ఇంకో పని పడితే మళ్లీ మొదటినుంచి కూడగట్టుకోవాలి. ఆ కూడగట్టుకోవడమే మనకి పనికొచ్చే సాధన. చిక్కేమిటంటే, అలా చేస్తున్నంతసేపూ బాగా ఆడుతున్నట్టు అనిపించదు. వరసగా కొట్టడంలో ఉన్న హాయి ఇందులో ఉండదు.

ఇక రేంజ్‌లో బాల్ పెట్టి కొట్టే కృత్రిమ గడ్డి మ్యాట్ సంగతి. నన్ను ఎక్కువ కాలం మోసం చేసింది ఇదే. రేంజ్ మ్యాట్ కింద సాధారణంగా గట్టి కాంక్రీటు ఉంటుంది. క్లబ్బు బాల్‌కి రెండంగుళాల వెనక తగిలినా లోపలికి దిగదు. జారుకుంటూ వచ్చి బాల్‌ని తాకుతుంది, బాల్ కూడా చూడ్డానికి బాగానే ఎగురుతుంది. గడ్డి మీద అదే దెబ్బ నేలలో కూరుకుపోతుంది. మా ప్రాంతపు నేల మన గుంటూరు నల్లరేగడికి అన్నదమ్ముల వరస. వేసవిలో బీటలు తీస్తుంది, వాన పడితే బూట్లకి ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది. వసంతకాలంలో వాన వెలిసిన మర్నాడు ఆడితే ఈ తప్పు దాగదు, క్లబ్బు ముఖం నిండా మట్టే.

మ్యాట్ మీద కూడా దీన్ని పట్టుకోవచ్చు. చెవి పెట్టి వినండి. శుభ్రంగా తగిలితే ఒక్కటే చప్పుడు వస్తుంది. వెనక తగిలితే ముందు "దబ్" అని, దాని వెంటనే "టిక్" అని రెండు చప్పుళ్లు వస్తాయి. పక్క మ్యాట్ మీద కొట్టేవాళ్లని కళ్లు మూసుకుని ఓ పది నిమిషాలు వింటే తేడా పట్టుబడుతుంది. రెండో ఉపాయం టవల్. చిన్న టవల్‌ని నాలుగు మడతలు పెట్టి బాల్‌కి నాలుగంగుళాల వెనక పరవండి. క్లబ్బు టవల్‌ని తాకకుండా బాల్‌ని కొట్టాలి. మొదటిరోజు నేను ఇరవైలో పన్నెండుసార్లు టవల్‌ని ఎగరగొట్టాను. నాలుగు నెలలు పట్టింది అది ఇరవైలో రెండుకి రావడానికి. కోర్సులో నాకు తగ్గిన స్ట్రోకుల్లో అన్నిటికంటే ఎక్కువ ఈ ఒక్క టవల్ వల్లే తగ్గాయని నా నమ్మకం. గడ్డి మీద కొట్టనిచ్చే రేంజ్ ఉంటే కాస్త దూరమైనా అక్కడికే వెళ్లండి. ఐరన్ కొట్టాక లేచిన గడ్డిపెళ్ల ఎక్కడ మొదలైందో చూసుకోవచ్చు. అది బాల్ ఉన్న చోటు నుంచి ముందుకి ఉండాలి, వెనక నుంచి కాదు.

రేంజ్ బాల్స్ గురించి రెండు ముక్కలు. అవి వేలసార్లు దెబ్బలు తిన్నవి, కొన్నిచోట్ల ఎక్కువ దూరం పోకుండా తయారుచేసినవే పెడతారు. కాబట్టి అక్కడి దూరాలు కంఠస్థం చేయకండి. నా ఏడో నంబర్ ఐరన్ రేంజ్‌లో కంటే కోర్సులో పది గజాలు ఎక్కువ వెళ్తుంది.

ఇంకో తప్పు నాకు ఇండియాలో దొరికింది. 2023 డిసెంబరులో సెలవులకి వెళ్లినప్పుడు హైదరాబాద్‌లో ఒక బంధువు నన్ను గోల్కొండ నయా ఖిల్లాలో ఉన్న కోర్సుకి తీసుకెళ్లారు. కోట గోడలు, ఆ ఏనుగంత బాబాబ్ చెట్టు ఉన్న చోటు. వీలుంటే ఒక్కసారైనా చూడండి. అక్కడ క్లబ్బుల సంచి మోస్తూ సలహా ఇచ్చే కేడీ ఉంటాడు, అమెరికాలో మనలాంటివాళ్లకి ఆ భాగ్యం లేదు. మొదటి నాలుగు హోల్స్ నా ప్రతి షాట్ కుడికే పోయింది. స్లైస్ (బాల్ గాల్లో కుడికి వంగిపోయే తప్పు) అనుకుని గ్రిప్పు మారుస్తూ పోయాను. ఐదో హోల్‌లో బాల్ కొట్టిన వెంటనే కేడీ కుర్రాడు, "జర అట్లనే నిలవడుండ్రి సార్, కదలకుండ్రి" అని నా కాలివేళ్లకి ఆనించి ఒక క్లబ్బు నేలమీద పెట్టాడు. వెనక్కి వచ్చి చూడమన్నాడు. ఆ క్లబ్బు జెండాకి ఇరవై గజాలు కుడిగా చూస్తోంది. స్వింగులో తప్పేమీ లేదు, నిలబడటమే కుడికి నిలబడ్డాను. రేంజ్‌లో మ్యాట్ అంచు గీత గీసినట్టు ఉంటుంది, కాళ్లు దానికే ఒద్దికగా సర్దుకుంటాయి. కోర్సులో ఆ అంచు ఉండదు. అప్పటినుంచి నేను రేంజ్‌లో మ్యాట్ అంచుకి ఏటవాలుగా ఉండే గురిని ఎంచుకుంటాను. ఒకసారి ఎడమ మూలలోని జెండా, మరోసారి కుడి మూలలోని కంచె స్తంభం. ప్రతి బాల్‌కీ ముందు వెనక్కి వెళ్లి, గురి చూసి, మళ్లీ కొత్తగా వచ్చి నిలబడతాను.

"రేంజ్ మానేసి పుట్టింగ్ చేసుకో, స్కోరంతా అక్కడే ఉంది" అని మీకు చాలామంది చెప్పి ఉంటారు. పుట్టింగ్ అంటే గ్రీన్ మీద బాల్‌ని హోల్‌లోకి దొర్లించడం. నేనూ అదే నమ్మాను. నా 112 కార్డులో 41 పుట్లు ఉన్నాయి, తక్కువేమీ కాదు. కానీ కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రోడీ లక్షల షాట్ల లెక్కలు తీసి చూస్తే తేలింది వేరు. బాగా ఆడేవాళ్లకీ ఆడలేనివాళ్లకీ స్కోరులో ఉండే తేడాలో దాదాపు మూడింట రెండు వంతులు వంద గజాల అవతల నుంచి కొట్టే షాట్లలోనే ఉంది. అమెరికాలో ప్రొఫెషనల్ టోర్నమెంట్లు నడిపే పీజీఏ టూర్ 2011 నుంచి వాడుతున్న స్ట్రోక్స్ గెయిన్డ్ లెక్క (ఒక్కో షాట్ వల్ల ఎంత లాభమో కొలిచేది) ఆయన పనిమీద నిలబడిందే. అంటే దూరపు షాట్లు నేర్చుకోక తప్పదు, వాటిని నేర్చుకోవడానికి రేంజ్‌ని మించిన చోటు లేదు. ప్రొఫెషనల్ గోల్ఫర్ విజయ్ సింగ్ సంగతే చూడండి. రోజుకి గంటల తరబడి రేంజ్‌లోనే ఉంటాడని పేరున్న మనిషి. 2004లో ఒక్క ఏడాదే తొమ్మిది టోర్నమెంట్లు గెలిచి, 41 ఏళ్ల వయసులో టైగర్ వుడ్స్ నుంచి నంబర్ వన్ స్థానం లాక్కున్నాడు. ఆయనకి పనికొచ్చిన రేంజ్ మనకి మాత్రం ఎందుకు పనికిరాదు? ఏ బాల్ దేనికోసం కొడుతున్నామో తెలిసి కొట్టాలంతే.

ఇప్పుడు నేను చేసేది ఇది. వారానికి ఒక్క సాయంత్రం, నలభై బాల్స్, గంట సమయం. మొదటి పదిహేను టవల్‌తో, అప్పుడు మాత్రం ఒకే క్లబ్బు. ఏదైనా కొత్తగా సరిదిద్దుకుంటున్నప్పుడు వరసగా కొట్టడంలో తప్పులేదు. మిగతా పాతికతో నేను ఎప్పుడూ ఆడే కోర్సుని మనసులో ఆడతాను. మొదటి హోల్‌కి డ్రైవర్. రెండు జెండాల మధ్య ముప్పై అయిదు గజాల జాగాని ఫెయిర్‌వే (బాల్ పడాల్సిన, గడ్డి కత్తిరించిన దారి) అనుకుంటాను. బాల్ దాని బయట పడితే చెట్ల మధ్యలో ఉన్నానని లెక్క, తర్వాతి షాట్ కిందగా పోయే చిన్న పంచ్ కొట్టి బయటికి రావాలి. లోపల పడితే మిగిలిన దూరానికి తగ్గ ఐరన్. ఇలా ఏడెనిమిది హోల్స్ అయ్యేసరికి బకెట్ అయిపోతుంది. వరసగా ఏ రెండు బాల్సూ ఒకే క్లబ్బుతో ఉండవు. మొదట్లో చాలా నీరసం వచ్చింది, పక్కవాళ్లు వంద బాల్స్ ఠపాఠపా కొట్టేస్తుంటే మనం నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది. రెండు నెలలు ఓపిక పట్టండి. బకెట్ అయ్యాక నేరుగా ఇంటికి పోకుండా పుట్టింగ్ గ్రీన్ మీద ఇరవై నిమిషాలు ఉంటాను, ఒక్క బాల్‌తోనే. మూడు బాల్స్ వేసుకుంటే మళ్లీ ఆ వరస జబ్బే మొదలవుతుంది.

ఏటవాలు నేలమీద నిలబడటం, ఎదురుగాలి, బంకర్‌లో ఇసుక, ఇవేవీ రేంజ్‌లో దొరకవు. వీటికి కోర్సే గతి. అందుకే రెండో సాయంత్రానికి పెట్టే డబ్బుని నేను చీకటిపడే ముందు దొరికే చవక రేటు తొమ్మిది హోల్స్‌కి మార్చేశాను. మీకూ అదే చెప్తాను.

చివర్లో కొత్త డ్రైవర్ కొనాలా అని కూడా అడిగారు. ఇప్పుడే వద్దు. 2023 సెప్టెంబరులో మన గోల్ఫర్ సాహిత్ తీగల కాలిఫోర్నియాలోని నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు మా వాట్సాప్ గ్రూపులో ఆనందం పట్టలేక నలుగురు కొత్త డ్రైవర్లు కొన్నారు. అందులో నేనూ ఉన్నాను. నా స్లైస్ దాంతో కూడా అలాగే వచ్చింది, ఇంకాస్త దూరం వెళ్లింది. ముందు మీ నోట్‌బుక్‌లో నలభై మొదటి బాల్స్ రాయండి. డ్రైవర్‌తో కొట్టినవాటిలో ఎన్ని ఒకే వైపు పోయాయో చూసి ఇక్కడే కింద పెట్టండి. అప్పుడు క్లబ్బు మార్చాలో, నిలబడే తీరు మార్చాలో చూద్దాం.