మందులు ఉచితమే, మరి డబ్బంతా ఎటు పోయింది?

మీ తమ్ముడికి టీబీ మందులు ఉచితంగానే ఇస్తున్నారు, అయినా చేతిలో డబ్బు నిలవట్లేదు, ఖరీదైన ప్రొటీన్ పొడి కొనమంటున్నారు, కొనాలా అని అడిగారు. అక్కర్లేదండీ. ఆ తప్పు నేను చేసే ఉన్నాను.

మా ఆయనకు టీబీ వచ్చినప్పుడు ఖర్చులన్నీ ఒక నోటుబుక్కులో రాసేదాన్ని. కోర్సు అయ్యాక తిరగేసి చూస్తే మాత్రల కింద ఒక్క ఖర్చూ లేదు. చాలా డబ్బు అసలు రోగం పేరు తెలియకముందే పోయింది. దగ్గు సిరప్పులు, రెండు చోట్ల ఎక్స్‌రేలు, ఊరికే తిరిగిన తిరుగుడు. ఆ తర్వాత ఆయనకు ఆగిపోయిన జీతం, తోడు వెళ్లడానికి నేను పెట్టిన సెలవులు. వీటిని ఎవరూ ఖర్చనుకోరు గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం వైద్యం, ప్రయాణం, పోయిన సంపాదన అన్నీ కలిపే లెక్కగడుతుంది. ఆ మొత్తం ఖర్చు ఇంటి ఏడాది ఆదాయంలో 20 శాతం దాటిందంటే ఆ కుటుంబం కుదేలైనట్టే. టీబీ వచ్చిన ఇళ్లలో దాదాపు సగం ఆ గీత దాటుతున్నాయి.

ఇక తిండి. మొదట్లో ఆయనకు వికారం, ముద్ద దిగేది కాదు. నెల తిరిగేసరికి అర్ధరాత్రి లేచి వంటింట్లో గిన్నెల మూతలు తీసి చూసేవారు! నాకు సంతోషమే, కానీ ఆ సంబరంలో నేను నా కంచంలో తగ్గించుకుంటూ వచ్చాను. గుడ్డు ఆయనకు, పాపకు. నాకెందుకులే అనుకునేదాన్ని. అది త్యాగం కాదు, తెలివితక్కువతనం. ఝార్ఖండ్‌లో చేసిన ‘రేషన్స్’ అనే అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. రోగి ఇంట్లోవాళ్లకు, పెద్దలకైతే నెలకు తలా 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు చొప్పున ఇస్తే, ఇవ్వని ఇళ్లతో పోలిస్తే వాళ్లకు కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఇంట్లోవాళ్లకు ఇచ్చింది బియ్యం, పప్పు, దాంతోపాటు విటమిన్ మాత్రలు. డబ్బాల్లో పొడులు కాదు. పొడికి పెట్టే డబ్బుతో ఇంటిల్లిపాదికీ పప్పు, గుడ్లు, పాలు పెట్టొచ్చు.

మీ తమ్ముడి బరువు మాత్రం నెలనెలా చూడండి. అదే అధ్యయనంలో మందులు మొదలుపెట్టిన మొదటి 2 నెలల్లో 5 శాతం బరువు పెరిగిన రోగులకు చనిపోయే ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. అంటే 40 కిలోల మనిషి 2 కిలోలు పెరగాలి. బాగా తింటున్నా పెరగకపోతే డాక్టర్‌కు చెప్పండి, షుగర్ పరీక్ష కూడా అడగండి. బరువును బట్టే మందు మోతాదు కూడా ఉంటుంది కాబట్టి ఆ అంకె రాసి పెట్టుకోండి.

ఆహారానికో, ప్రయాణానికో సాయం ఏమైనా ఉందా అని మందులిచ్చేచోట ఇవాళే అడగండి. నేను మొహమాటపడి మూడో నెల దాకా నోరు విప్పలేదు, అప్పటికే అప్పు చేసేశాం.

పొడి డబ్బా ఇప్పటికే కొనేశారా? సీల్ తీయకపోతే వాపసు తీసుకుంటారేమో చూడండి. మాది తీసేశాం, సగం డబ్బా అలాగే గడ్డకట్టింది.